బాయ్‌నెట్ మొన మీద నిమ్మరసం

పాత ఆయుధాలకు పేరు రాసే ఉద్యోగం ఒకటి ఉందంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. కువైట్‌లో ఏం పని అని అడిగితే, కత్తుల దగ్గర అని చెప్పేవాణ్ణి. మాంసం కొట్టు అనుకున్నవాళ్ళు ఉన్నారు. నేను సరిదిద్దలేదు. మా ఇంట్లో ఎవరికీ తమ గురించి తాము చెప్పుకునే అలవాటు లేదు.

ఇప్పుడు పని అయిపోయింది. రుమైథియాలో అద్దెకున్న గదిలో సామాను కట్టేసుకుని కూర్చున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం, సెలవులు, ఇఖామా అనే నివాస అనుమతి తిప్పలు నేను చెప్పక్కర్లేదు. వాటి గురించి చెప్పడానికి కువైట్‌లో ప్రతి బస్టాపులోనూ ఒకడు దొరుకుతాడు. నాకు తెలిసింది ఇనుము. ఇనుముకు మనుషులు పెట్టే పేర్లు.

కొట్టులో మా కత్తులు

మాది ఒకప్పటి పాళెగాళ్ళ ఇల్లు. రాయచోటి వైపు అడిగితే ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నాకు ఊహ తెలిసేనాటికి మిగిలింది ఇంటిపేరు, కొన్ని కత్తులు. వాటిని కూడా మా నాన్న మద్రాసులో పాత సామాన్లు అమ్మే ఒక షావుకారుకు ఇచ్చేశాడు. బండి మీద వాటితో పాటు వెళ్ళింది నేనే.

కొన్నాళ్ళకు ఆ వీధిలోకి మళ్ళీ వెళ్ళాను. కొట్టు అద్దాల వెనక మా పెద్దకత్తి వేలాడుతోంది. కింద చీటీ మీద ‘మైసూరు కత్తి’ అని రాసి ఉంది. లోపలికి వెళ్ళి, అది మైసూరుది కాదు, మాది అన్నాను. షావుకారు కళ్ళజోడు తీసి, ‘‘మీదైతే రుజువు చూపించు నాయనా. కత్తి మీద చూపించు, నీ మొహం మీద కాదు’’ అన్నాడు.

చూపించలేకపోయాను. పిడి మీద పువ్వు ఏ ఊరి పనివాడిదో, అలుగు మీద, అంటే కత్తి రేకు మీద, గాడి ఎందుకు పక్కకు ఉందో నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి చూసిన వస్తువు, దాని గురించి ఒక్క ముక్క తెలియదు. నవ్వి, కూర్చోమన్నాడు. మా కత్తులు అమ్ముడుపోయిన కొట్టులోనే నేను పనికి కుదిరాను. ఆయన దగ్గరే నేర్చుకున్నాను. వస్తువు చెప్పేది వినాలి, అమ్మేవాడు చెప్పేది వినకూడదు. మా పెద్దకత్తి మాత్రం మైసూరు పేరుతోనే వెళ్ళిపోయింది. ఎవరి గోడ మీద ఉందో తెలియదు.

ఆ కొట్టుకే ఒకరోజు కువైట్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పెద్దకొడుకు పేరు మీద అందరూ ఆయన్ని బూ నాసిర్ అనేవాళ్ళు, నాసిర్ తండ్రి అని. నేను ఒక పిడిని పట్టుకుని చూసే తీరు చూసి, షావుకారును అడిగి నన్ను వెంట తీసుకొచ్చాడు.

బూ నాసిర్

ఆయన అమెరికా సైన్యం బాయ్‌నెట్లు తప్ప ఇంకేమీ కొనేవాడు కాదు; తుపాకీ మొనకు తగిలించే కత్తులవి. దానికొక కారణం ఉంది. తొంభై ఒకటిలో ఇరాకీలు వెళ్ళిపోయిన వారంలో, వీధి చివర తిండి పెట్టెలు పంచుతున్న అమెరికన్ సైనికుడొకడు ఆయన తల్లి ముందు ఒక పెట్టె తాడును బాయ్‌నెట్‌తో కోశాడట. కుర్రవాడైన బూ నాసిర్, దీని పేరేమిటని అడిగాడు. ‘ఎం7’ అన్నాడు వాడు. ఆ ఏడాదంతా తన వీధిలో తాను చూసిన ఆయుధాలన్నిటిలో పేరు తెలిసింది అదొక్కటేనని ఆయన నాతో చాలాసార్లు అన్నాడు. పేరు తెలిశాక భయం పోయిందట.

మంచి యజమాని. కానీ దివానియాలో, అంటే మగవాళ్ళు కూడే ముందుగదిలో, అతిథులు కూర్చుంటే మనిషి మారిపోయేవాడు. మామూలు బాయ్‌నెట్‌ను చేతికిచ్చి, ఇది ఫలానా సముద్రతీరంలో దిగింది, ఇది ఫలానా జనరల్ అంగరక్షకుడిది అని చెప్పేవాడు. ఒకసారి అందరి ముందూ నేను, కాదు, ఇది గిడ్డంగి దాటి బయటికి రాలేదు, పదును కూడా పెట్టలేదు, చూడండి అన్నాను. ఆ తరవాత నన్ను పక్కకు పిలిచి, ‘‘ఉస్తాద్, వాళ్ళు వెళ్ళాక నన్ను కాదను. నీ ఇష్టమొచ్చినట్టు కాదను. వాళ్ళ ముందు వద్దు’’ అన్నాడు. తప్పు పేరు విని ఊరుకోవడం నా వల్ల కాదని చెప్పాను. ఆయన కోప్పడలేదు. అతిథులు వచ్చినప్పుడు నన్ను పిలవడం మానేశాడు, అంతే. కొత్తగా వచ్చేవాళ్ళకు నా సలహా, ఇలాంటి యజమాని దొరికితే వదులుకోవద్దు. అబద్ధం చెప్పుకునే హక్కు తనకుంచుకుని, నిజం రాసే హక్కు మీకిచ్చే మనిషి అరుదు.

పేరు తేల్చడం

ముందు కొలవండి. పిడి దగ్గరి అడ్డుకమ్మి నుంచి మొన దాకా, అలుగును మాత్రమే. పదహారు అంగుళాలైతే ఒక కుటుంబం, పదిహేడైతే ఇంకొకటి, పదైతే వేరే కథ. తరవాత అలుగు మొదట్లో కొట్టిన ముద్ర చదవండి. ఆ తరవాతే పిడి చూడండి. పిడి చెక్కలు ఎవడైనా మార్చగలడు.

బూ నాసిర్ దగ్గర నేను మొదట తేల్చింది ఒక పదిహేడు అంగుళాలది. దాని మీద 1913 అని అంకె, ఆ అంకె మీద అడ్డగీతలు. బ్రిటిష్‌ది అని ఆయన చీటీ. నిజమే, దాని రూపం బ్రిటిష్ వాళ్ళదే. అమెరికా కర్మాగారాలు మొదట వాళ్ళ కోసమే చేశాయి. తరవాత తమ దేశం మొదటి ప్రపంచయుద్ధంలో దిగాక, మిగిలిపోయిన వాటి మీద పాత గుర్తు కొట్టేసి తమ ముద్ర వేసుకున్నాయి. అది ఎం1917. పిడి మీద అడ్డంగా రెండు గాళ్ళుంటాయి. తమ దగ్గరున్న ఇంకో రకంతో కలిసిపోకుండా బ్రిటిష్ వాళ్ళు పెట్టించుకున్న గుర్తు అది. అమెరికా వాడికి ఆ అవసరమే లేదు, అయినా అలాగే చేసుకుంటూ పోయాడు. యజమాని మారినా పాత ఇంటి గుర్తు ఒంటి మీద ఉండిపోయిన ఆయుధం అది. నాకు దాని మీద ఎందుకో మొదటి నుంచీ అభిమానం.

అసలైన చిక్కు పదంగుళాల వాటితో వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో అమెరికా సైన్యానికి పదహారు అంగుళాలు మరీ పొడవనిపించింది. కొత్తగా పదంగుళాలవి చేయించింది. అవి ఎం1. ఉన్న పొడుగువాటిని వెనక్కి తెప్పించి కోయించింది. అవి ఎం1905ఈ1. పక్కపక్కన పెడితే ఒక్కలాగే ఉంటాయి. తేడా గాడిలో ఉంది. పుట్టుకతో పొట్టిదానికి గాడి మొనకు ముందే ఆగుతుంది. కోసి పొట్టి చేసినదానికి గాడి మొన దాకా పోయి తెరుచుకుంటుంది. ఎందుకంటే ఆ గాడి ఇంకా ముందుకు పోవలసింది, మధ్యలో తెగిపోయింది. ఇంత సులువైన సంగతి తెలియక ఎం1ను కోసినదానిగా, కోసినదాన్ని ఎం1గా కొన్నవాళ్ళు చాలామంది.

శుక్రవారం సంతలో ఒకడు ఇలా తెరుచుకున్న గాడి చూపించి ఎం1905ఈ1 అని అమ్మబోయాడు. అలుగు అంచున నెమలిరంగు వేడిచార కనిపించింది. యంత్రం మీద ఎవరో ఆ నెలలోనే కోసి ఉంటారు. సైన్యం కోసినదానికి కోత మీద కూడా బూడిదరంగు పూత ఉంటుంది. పొడుగుది మంచి వస్తువు. పేరు మార్చడం కోసం దాన్ని చంపేశారు.

ఇక కోతకు పోకుండా తప్పించుకున్న పదహారు అంగుళాలవి కొన్ని ఉన్నాయి. యుద్ధకాలంలో ప్రైవేటు కంపెనీలు నల్ల ప్లాస్టిక్ పిడితో చేసినవి. వీటిని అందరూ ఎం1942 అంటారు. సైన్యం ఆ పేరు ఎన్నడూ పెట్టలేదు. వాళ్ళకది ఎం1905 మాత్రమే. సేకరించేవాళ్ళు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న పేరు అది. నేను నా చీటీల మీద దాన్ని రాయనివ్వలేదు. బూ నాసిర్ చివరిదాకా నాతో దీని మీద వాదించాడు. ‘‘లోకమంతా ఒక పేరుతో పిలిస్తే అదే దాని పేరు కదా ఉస్తాద్?’’ అనేవాడు. లోకమంతా మా కత్తిని మైసూరుదన్నా అది మాదేనని నా జవాబు.

నిలవ గురించి ఒక్క మాట. ఒక చలికాలం ఆయన ముచ్చటపడి కొన్నిటిని కబ్ద్‌లో పొలం ఇంటికి తీసుకెళ్ళి, తోలు ఒరల్లో పెట్టి గోడకు వేలాడదీశాడు. తిరిగొచ్చేసరికి ఒర ఎక్కడ తాకిందో అక్కడల్లా తుప్పు గీతలు. తోలు తడిని పీల్చి దాచుకుంటుంది. అలుగును, ఒరను విడిగా పెట్టండి. అలుగుకు పల్చగా నూనె రాయండి. ఆ నూనెను ఏ కారణం మీదా తుడవనివ్వకండి. ఈ చివరి మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు చదివితే తెలుస్తుంది.

ఓబులేసు

పని పెరిగాక నాకొక మనిషి కావలసి వచ్చాడు. మా ఊరి వాడే కావాలని అడిగాను. బూ నాసిర్ తనే కఫీల్, అంటే పూచీదారు, అయి వీసా తీసి ఓబులేసును రప్పించాడు. వాడి తాత దసరాకు మా ఇంట్లో కత్తులు తోమేవాడు. చింతపండు, బూడిద పెట్టి తోమి, అరుగు మీద వరసగా పరిచేవాడట.

విమానాశ్రయానికి నేనే వెళ్ళాను. వాడు సంచి కింద పెట్టి, ‘‘నమస్తే సార్’’ అన్నాడు.

వాడి తాత మా తాతను దొరా అని తప్ప పిలవలేదు. నేను అడిగి పిలిపించుకునే మనిషిని కాను. కానీ ఎదురుచూశానని ఒప్పుకోవాలి. వాడు ఏళ్ళ తరబడి సార్ అనే అన్నాడు. పనిమంతుడు. చేతి తొడుగులు లేకుండా ఇనుమును ముట్టుకోడు. తరవాత భార్య లక్షుమ్మను కూడా రప్పించుకున్నాడు. ఆమె రుమైథియాలోనే మూడు వీధుల అవతల ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, మంచిదై, శుక్రవారం మధ్యాహ్నం ఆమెను బయటికి పంపేది. ఇద్దరూ పార్కు గోడ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్ళు. గల్ఫ్‌లో మొగుడూ పెళ్ళాం ఒకే పేటలో ఉండటం ఎంత అదృష్టమో ఇక్కడున్నవాళ్ళకు తెలుసు. ఆ అదృష్టం ఓబులేసు ఇఖామా మీద ఆధారపడి ఉంది. అది రద్దయితే వాడు ఊళ్ళో, ఆమె ఇక్కడ.

నిమ్మకాయ

బూ నాసిర్ పోయాడు. నాసిర్‌కు తండ్రి మీద ప్రేమ ఉంది, బాయ్‌నెట్ల మీద లేదు. మొత్తం ఒకేసారి అమ్మేద్దామని, విదేశం నుంచి వేలంపాట సంస్థ మనిషిని పిలిపించాడు. కొనేవాళ్ళు సేకరణతో పాటు నన్ను కూడా కొంతకాలం సంరక్షకుడిగా ఉంచుకోవాలని మాట అయింది. నాకు అది కావాలి. నేను రాసిన చీటీలు నా కళ్ళముందు ఉండాలి.

ఆ వేలం మనిషి అన్నీ చూస్తూ, చివరికి పెద్దదాని దగ్గరికి వచ్చాడు. కోతకు పోకుండా మిగిలిన పదహారు అంగుళాలది. చిన్న కంపెనీ ముద్ర, పుట్టినప్పటి పూత. మొత్తంలో దానికి సాటి లేదు. దాన్ని దీపం కిందకు తీసుకెళ్ళి ఆగిపోయాడు.

మొన నుంచి వేలెడు కిందదాకా, గాడిలో కూడా పూత లేదు. తెల్లగా మెరుస్తోంది. మొనను ఎవరో మళ్ళీ సానపట్టి ఉంటారని, అలాగైతే ఇది కోయనిదనే చీటీ నిలవదని అన్నాడు.

నేను భూతద్దం తీసుకున్నాను. సానరాయి గీత ఒక్కటి లేదు. కర్మాగారంలో గాడి తీసిన యంత్రం గీతలు పూత ఉన్నచోట నుంచి లేనిచోటికి తెగకుండా సాగాయి. ఇనుము పోలేదు, పూత మాత్రమే కరిగింది. అంటే పులుపు తగిలింది. ఈ బూడిదరంగు పూత పులుపుకు ఆగదు. పేరు నిలుస్తుందని ఆయనకు చూపించాను. ఒప్పుకున్నాడు. పూత చెడిందని మాత్రం రాసుకున్నాడు.

అప్పుడే గాడి అడుగున సన్నటి పసుపు గీత కనిపించింది. ఎవరు చేశారో నాకు తెలిసిపోయింది.

నాసిర్ మొహం ఎర్రగా అయింది. ఈ గది తాళాలు మీ ఇద్దరి దగ్గరే ఉన్నాయి, ఎవరు చేశారో సాయంత్రంలోగా తెలియాలి, చేసినవాడి ఇఖామా రద్దు చేయించి పంపేస్తాను అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే మాటగా పోయేది.

ఓబులేసు వెనక గదిలో టీ పెడుతున్నాడు. అడగ్గానే దాచలేదు.

‘‘నిమ్మకాయ పెట్టినా సార్. దసరా గదా.’’

‘‘ఎవరు పెట్టమన్నారు?’’

‘‘ఎవురు జెప్పల్ల? పెద్దాయన పాయ. ఇయ్యి దిక్కులేనివైపాయ. ఎన్ని పానాలు తీసినాయో ఏమో, ఇన్నేండ్లుగా ఒగ నిమ్మకాయ ఇచ్చినోడు లేడు. పసుపు కుంకుమ పెట్టెకే పెట్టినా. పసుపు రాసిన కాయ మాత్రం పెద్దదానికి గుచ్చినా. మీ ఇంట్ల గూడా పెద్దకత్తికే గదా.’’

‘‘నూనె?’’

‘‘మైల గదా సార్, తుడిచినా.’’

అదీ సంగతి. మా ఇంట్లో కత్తులకు దట్టంగా ఆముదం పట్టి ఉండేది, కాయ గుచ్చినా రసం ఇనుమును తాకేది కాదు. ఇక్కడ వాడు శుద్ధి కోసం నూనె తుడిచేశాడు. కాయ పొద్దుటిదాకా అలాగే ఉంది. రసం గాడిలోకి కారింది. ఒక రాత్రిలో, ఎనభై ఏళ్ళ పూత పోయింది.

ఏం మొక్కుకున్నావని అడిగాను. వాడు టీ వడపోస్తూనే, లక్షుమ్మా తానూ విడిపోకుండా చూడమని మొక్కుకున్నానన్నాడు. నాసిర్ ఏం చెప్పాడో వాడికి చెప్పాను. వాడు గిన్నె కింద పెట్టాడు.

‘‘నేనే పోయి చెప్తా సార్. సామికి చేసినానంటే వినడా? ఆయనా దేవుణ్ణి నమ్మేటోడే గదా.’’

నేను, నువ్వు మాట్లాడవద్దు, నా వెంట రా అన్నాను.

తలుపు

నాసిర్ ఆఫీసు గది ముందు వాడిని నిలబెట్టి, లోపలికి వెళ్ళి తలుపు మూశాను.

ఎందుకలా చేశానో ఎవరైనా అడిగితే, దయ అని చెప్పను. మా ఇంటి నీడలో పెరిగిన కుటుంబంవాడు తలవంచుకుని ఒకడి ముందు క్షమాపణ అడుగుతుంటే నేను పక్కన నిలబడి చూడలేను. మా తాత అయినా నిలబడేవాడు కాదు. అంతకంటే వేరే ఆలోచన చేయలేదు.

దసరాకు ఆయుధాలను పూజించడం మా ఇంటి ఆచారమని, ఆ నిమ్మకాయ నేనే పెట్టించానని చెప్పాను.

నాసిర్ కుర్చీ నావైపు తిప్పాడు. ‘‘ఉస్తాద్, వేలిముద్ర పడిందని మా నాన్ననే తిట్టినవాడివి నువ్వు.’’

‘‘అవును.’’

‘‘ఓబులేసు కాదా చేసింది?’’

‘‘చేతులు వాడివి. పని నాది.’’

నమ్మలేదనుకుంటాను. కానీ నా వయసున్న మనిషిని అబద్ధమాడుతున్నావని అనడానికి అతనికి పెంపకం అడ్డం వచ్చింది. కిటికీ వైపు తిరిగి, ‘‘ఖలాస్’’ అన్నాడు. సంరక్షకుడి ఉద్యోగం అక్కడితో పోయింది. ఓబులేసును కబ్ద్ పొలానికి డ్రైవరుగా వేశారు. లక్షుమ్మ ఉన్న పేటకు వారానికొకసారి సామాన్లకు రావాలి. ఇఖామా నిలిచింది.

బయటికి వచ్చి వాడితో అదే చెప్పాను. వాడు సంతోషిస్తాడనుకున్నాను.

‘‘తలుపు పల్చన సార్. అంతా ఇనబడె’’ అన్నాడు. ‘‘మా తాత కత్తులు తోమె, పూజ మీ తాత జేసె. ఇంత దూరమొచ్చి బతుకులో ఒగసారి నేను పూజ జేసుకుంటి. అది గూడా మీదే అయిపాయనే.’’

‘‘లేకపోతే నిన్ను పంపేసేవాడు.’’

‘‘పంపునో, మాఫ్ జేసునో. నన్నడగనీకుండానే తలుపేస్తిరి. నేను ఆ పెద్దాయన ఇంటి జీతగాణ్ణి సార్. మీ దగ్గర గాదు. నాకొక కఫీల్ చాలు.’’

ఇలాంటి మాట మా ఇంట్లో ఎవరూ ఎవరి నోటా విని ఉండరు. వాడి బతుకు నిలబెట్టాను, ఆ పని ఇప్పుడైనా మళ్ళీ చేస్తాను. వాడు చెప్పిన దానిలో తప్పు కూడా కనిపించడం లేదు. రెండూ ఎలా కుదురుతాయో ఈ వయసులో నాకు తేలడం లేదు. ఇనుము విషయంలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

కేటలాగు

పోయిన నెలలో ఓబులేసు వచ్చాడు. నాసిర్ పంపాడని ఒక పుస్తకం నా చేతికిచ్చాడు. వేలం సంస్థ అచ్చువేసిన కేటలాగు.

మొత్తంగా కొనేవాళ్ళు దొరక్క విడివిడిగా అమ్మిన మా సేకరణ అంతా అందులో ఉంది. చీటీలు చాలావరకు నేను రాసినట్టే ఉంచారు. ఎం1, ఎం1905ఈ1, ఎం1917, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెద్దదానికి మాత్రం రెండు పుటలు ఇచ్చారు. మొన మీద తెల్లటి మరక దగ్గరగా తీసిన ఫోటో. పైన పెద్ద అక్షరాల్లో ‘రాజావారి బాయ్‌నెట్’ అని పేరు. దక్షిణ భారతదేశపు పాలక వంశీకుడు తన వంశాచారం ప్రకారం కువైట్‌లో ఈ ఆయుధాన్ని పూజించాడని, ఆ పూజ గుర్తే ఇదని కింద కథ. నేను నాసిర్‌తో అన్న నాలుగు మాటలు నలభై మాటలయ్యాయి. పూత పోయిందని ధర తగ్గుతుందనుకున్న వస్తువు, ఈ కథ మీద మిగతా అన్నిటికంటే ముందు అమ్ముడుపోయిందట. కొన్నవాడు ఆ పేరుతోనే ప్రదర్శిస్తున్నాడట.

ఓబులేసు నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

‘‘నాసిర్ నాకు చదివి జెప్పినాడు’’ అన్నాడు. ‘‘ఫోటో బాగొచ్చింది. నేను కాయ గుచ్చిన చోటు సక్కగా కనబడతాంది.’’

లక్షుమ్మ ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. శుక్రవారం కలుస్తున్నారా అంటే, కలుస్తున్నామన్నాడు. బండి వీధిలో అడ్డంగా ఉంది, పోవాలన్నాడు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

‘‘పుస్తకం ఇంటికి తీసకపోండి. మీవాళ్ళు జూసుకుంటారు. వస్తా దొరా.’’

వాడి గొంతులో వెటకారం లేదు. కోపం కూడా లేదు. లెక్క తేలిపోయినవాడు అన్నట్టు అన్నాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది, తరవాత బండి కదిలింది. ఆ మాట విన్నాక నేను ఎలా నిలబడాలో చిన్నప్పుడే నేర్పారు. నిలబడలేకపోయాను.

వేలం సంస్థకు రాయడం కష్టమేమీ కాదు. ఇది రాజావారి బాయ్‌నెట్ కాదు, దీని పేరు ఎం1905. పూజ చేసింది నేను కాదు, ఓబులేసు అనే మనిషి. ఎందుకు చేశాడంటే భార్యతో కలిసి ఉండాలని. మూడు ముక్కలు. అవి రాసిన రోజున నాసిర్ చేతికి కూడా ఆ కాగితం వెళుతుంది. నాసిర్ చేతిలోనే ఓబులేసు ఇఖామా ఉంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ బాయ్‌నెట్‌ను చూస్తారు. అలుగు కొలవండి, పదహారు అంగుళాలుంటుంది. గాడి మొనకు ముందే ఆగుతుంది. ముద్ర చదవండి. మొన దగ్గర భూతద్దం పెడితే అడుగున పసుపు కూడా కనిపిస్తుంది. అప్పటికి నేనూ ఓబులేసూ ఎవరి ఇఖామాకూ భయపడే పరిస్థితిలో ఉండం. కింద ఉన్న పేరు మీరు కొట్టేయండి. నేను కొట్టేయలేకపోయింది అదొక్కటే.